రెండు పొట్టి ఈలలు

"తుంగ బెదరలేదు భయ్యా. బెదిరిన గుర్రం ఎట్లుంటాదో నీకు తెల్దా?"

నాలుగు రోజుల కిందట ఈ మాట అనేసి జావేద్ సబ్‌జైలు వ్యాను ఎక్కాడు. మనిషి పోయాడు గానీ మాట పోలేదు. ఆళ్లగడ్డ శివారులోని ఆ స్టేషన్ ఆవరణలో ఏఎస్సై మదార్ వలి ఎటు తిరిగితే అటు వెంటబడి తిరుగుతోంది.

జావేద్ ఎవరో తెలియనివాళ్లకు ఒక ముక్క. అతను మదార్ చెల్లెలు జబీనా మొగుడు. నంద్యాలలో ఉంటూ, పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలి బతుకుతాడు. ఆ గుర్రం పేరు తుంగ. ఆ రోజే పట్టపగలు ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఊరేగింపు పోతుంటే తుంగ ఉన్నట్టుండి జనం మీదికి వెళ్లింది. పెళ్లికొడుకు జారిపడి మోచేయి దులుపుకుంటూ లేచాడు. పెళ్లికూతురి మేనమామ, ఉయ్యాలవాడ రైతు శ్రీనివాసులు మాత్రం లేవలేదు. నంద్యాల ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు. టపాసులకు గుర్రం బెదిరిందనీ, జావేద్ కళ్లెం వదిలేశాడనీ కేసు రాశారు. జావేద్ సబ్‌జైలులో, తుంగ స్టేషన్ ఆవరణలో కానుగ చెట్టు కింద. ఇద్దరినీ కట్టేశారు, తాళ్లే వేరు.

ఇవాళ పశువుల డాక్టరు వస్తుంది. ఈ గుర్రం మనుషులకు ప్రమాదం అని ఆమె రాసిస్తే, మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని ప్రాణం తీసే సూది వేయిస్తారు. రాయకముందు మదార్ అభిప్రాయం కూడా చెప్పాలన్నాడు ఎస్సై అజయ్ కుమార్. బావమరిది కేసులో బావను సలహా అడగడం పద్ధతి కాదని ఆయనకూ తెలుసు. కానీ చుట్టుపక్కల మూడు మండలాల్లో గుర్రం గురించి చెప్పగలిగిన పోలీసు ఇంకొకడు లేడు.

లేకపోవడంలో వింతేమీ లేదు. గుర్రమెక్కడం కోసం పోలీసయిన మనిషి అసలు ఎక్కడైనా ఎంతమంది ఉంటారు? మదార్ నాయన నంద్యాల రైల్వే స్టేషన్ ముందు జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక జట్కా మూలపడింది, గుర్రాన్ని అమ్మేశారు. ఆ రోజు అన్నం ముట్టని పిల్లవాడు పెద్దయ్యాక, కర్నూలులో పోలీసులకు గుర్రపు దళం ఉందని విని కానిస్టేబుల్ పరీక్షకు పోయాడు. తోటివాళ్లు ఖాకీ చొక్కా చూసుకుని మురిసిపోతుంటే ఇతను లాయంలో పేడ ఎత్తుతూ మురిసిపోయాడు. తుంగ పిల్లగా వచ్చినప్పుడు దాని మొదటి కళ్లెం వేసింది మదార్ చేతులే. దాన్ని పోలీసు గుర్రం చేసిందీ ఆ చేతులే. తర్వాత దళాన్ని ఎత్తేశారు, గుర్రాలను వేలం వేశారు. తుంగ ఎవరి చేతిలోనో పడుతుందన్న భయంతో, పని లేక తిరుగుతున్న జావేద్‌ను బతిమాలి కొనిపించాడు మదార్. వారానికొక సెలవు దొరికితే ఆళ్లగడ్డ నుంచి నంద్యాల బస్సెక్కి పోయి దాని ఒళ్లు తోమి వచ్చేవాడు.

"పెళ్లి నన్ను చేసుకున్నావ్, కాపురం దాంతో చేస్తాండావ్" అనేది భార్య బీబీ. అంటూనే, బెల్లం ముక్క కాగితంలో చుట్టి జేబులో పెట్టేది.

ఇప్పుడు ఆ తుంగ మదార్ తెచ్చిన బెల్లం కూడా ముట్టడం లేదు.

మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక జబీనా వచ్చింది. నంద్యాల బస్సు దిగి, నానబెట్టిన ఉలవల సంచి చంకన పెట్టుకుని, గేటు దగ్గర సెంట్రీకి చెప్పి నేరుగా చెట్టు కిందికి నడిచింది. అన్న వైపు చూడలేదు. ఉలవలు అరచేతిలో పోసి తుంగ మూతి దగ్గర పెట్టింది. తుంగ వాసన చూసి మొహం తిప్పుకుంది.

"తింటాందా?" అన్నాడు మదార్.

"కనపడలేదా సారూ?"

ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకునే అన్నాచెల్లెళ్లు. చెల్లెలు తెలుగులోకి దిగిందంటే మధ్యలోకి ఖాకీ వచ్చిందని అర్థం. సారూ అన్న మాట మదార్‌కు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"జబీనా, నేను ఈడ డ్యూటీలో ఉండా. చుట్టమని చెప్పి ఏమీ చెయ్యలేను. ఆ పొద్దే చెప్పినా."

"చుట్టమని చెయ్యమని ఎవరడిగినారు? నిజమని చెయ్. ఆయన టపాసులు కాల్చలేదు. కళ్లెం ఇడవలేదు. ఇంత లావు తోలు పోయింది అరచేతుల్లో, గుంజి గుంజి. కళ్లెం ఇడిసినోనికి తోలు పోతాదా?"

మదార్ చూశాడు ఆ చేతులను. అరెస్టు రోజే చూశాడు. చూసి, ఏమీ అనుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

ఎందుకంటే జావేద్ మాట నిజమని ఆయనకు లోపలెక్కడో తెలుసు. బెదిరిన గుర్రం పక్కకు దూకుతుంది. ఖాళీ ఉన్న వైపు పరుగు తీస్తుంది. ఆ రోజు బస్టాండు ముందు ఎడమ పక్కంతా ఖాళీగా ఉంది. అయినా తుంగ ఎడమకు పోలేదు. జనం ఎక్కడ ఒత్తుగా ఉన్నారో అక్కడికే, తల పైకెత్తి, రొమ్ము ముందుకు పెట్టి పోయింది. పైగా ఇది టపాసులకు బెదిరేదా? చెవి పక్కన డప్పులు కొట్టించి, కాళ్ల ముందు గడ్డి తగలబెట్టించి, దేనికీ బెదరకుండా తయారు చేసింది తనే. మరి ఎందుకు పోయింది? ఇక్కడిదాకా వచ్చి మదార్ ఆలోచన ప్రతిసారీ ఆగిపోతోంది. ఆపుతున్నది తనేనేమోనని కూడా అనుమానంగా ఉంది.

"ఒక్క మాట చెప్పు చాలు," అంది జబీనా, గొంతు తగ్గించి. "ఇది పిచ్చిది కాదని ఆ డాక్టరమ్మకు చెప్పు. మిగతాది అల్లా చూసుకుంటాడు."

అంతలో రోడ్డు మీద ఈల మోగింది.

గేటు అవతల, నాలుగు రోడ్ల దగ్గర ట్రాఫిక్ చూసేది హోంగార్డు యోహాను. వారం సెలవు ముగించుకుని ఇప్పుడే డ్యూటీకి వచ్చాడు. కొత్తలో పిట్ట కూసినట్టు ఊదుతుంటే మదారే పిలిచి చెప్పాడు. ఊదితే రొమ్ము నిండా గాలి తీసుకుని ఊదు, పొడుగ్గా ఊదు, చివర్లో కొంచెం పైకెత్తు, అప్పుడే లారీవాడు కూడా బ్రేకు వేస్తాడు అని. శిష్యుడు నేర్చుకున్నాడు. అచ్చం గురువులాగే ఊదాడు, నిండుగా, పొడుగ్గా, చివర పైకెత్తి.

తుంగ చెవులు నిక్కాయి.

నాలుగు రోజులుగా తల వేలాడేసుకున్న గుర్రం తల ఎత్తింది. వెనక కాళ్లు కూడదీసుకుని, రొమ్ము ముందుకు పెట్టి కదిలింది. తాడు బిగుసుకుంది, కానుగ చెట్టు కొమ్మలు ఊగాయి. జబీనా ఉలవలు వదిలేసి పక్కకు తప్పుకుంది. తుంగ ఆమెను చూడలేదు. కళ్లలో బెదురు లేదు. తాడును లాగుతూ, మెడ నరాలు వణుకుతుండగా, అలాగే నిలబడింది. దేనికోసమో చూస్తోంది.

దేనికోసమో మదార్‌కు తెలుసు. ఈ భూమ్మీద ఆయన ఒక్కడికే తెలుసు.

గుర్రపు దళం పని జనాన్ని తొక్కడం కాదు, నెట్టడం. గలాటా జరిగేచోట పొడుగు ఈల వినబడగానే గుర్రం జనంలోకి నడవాలి, రొమ్ముతో తోసుకుంటూ పోవాలి. మళ్లీ పొడుగు ఈల మోగితే ఇంకా ముందుకు. రౌతు కింద పడినా, కళ్లెం ఎవరు ఎంత గుంజినా ఆగకూడదు. రెండు పొట్టి ఈలలు వినబడితే మాత్రం ఎక్కడున్నది అక్కడ ఆగి, ఒక అడుగు వెనక్కి వేయాలి. కర్నూలు మైదానంలో పొద్దున్నే మంచులో, ఎన్ని నెలలో, తుంగకు ఈ పాఠం చెప్పాడు మదార్. ఆగిన ప్రతిసారీ బెల్లం పెట్టాడు.

ఆ రోజు బస్టాండు ముందు ఆయన బందోబస్తులో ఉన్నాడు. ఊరేగింపు రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది, వెనక నంద్యాల బస్సు హారను కొడుతోంది. జనాన్ని పక్కకు జరపడానికి మదార్ జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. నిండుగా, పొడుగ్గా. గుర్రం కదిలింది. జనం కేకలు వేశారు. అది చూసి మదార్ ఇంకా గట్టిగా ఊదాడు, జనం తప్పుకోవాలని. మళ్లీ ఊదాడు. పరుగెత్తుకుంటూ ఊదాడు. ఊదిన ప్రతిసారీ తుంగ చెప్పిన మాట విన్నది.

నంద్యాల సందుల్లో రాత్రిపూట సాగే ఊరేగింపుల్లో ఇన్నేళ్లలో దానికి ఆ ఈల వినబడలేదు. వినబడినా అది మదార్ ఈల కాదు. ఇక మదార్ సంగతంటారా, తను కవాతు మరిచిపోయినట్టే గుర్రమూ మరిచిపోయి ఉంటుందనుకున్నాడు. అంత ప్రేమించినవాడు దాన్ని అంత తక్కువగా ఎలా అంచనా వేశాడో ఆయనకే అర్థం కాలేదు. చెట్టు మొదలు పట్టుకుని నిలబడ్డాడు.

"భయ్యా?" జబీనా దగ్గరికి వచ్చింది. సారూ అన్న మాట ఎటో పోయింది. "ఏంది అట్లయిపోయినావ్? మంచినీళ్లు తేవాల్నా?"

"జావేద్ కాదు," అన్నాడు మదార్. "తుంగ కూడా కాదు. నేను."

చెప్పాడు. చిన్న గొంతుతో, గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. జబీనా అంతా విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది.

"అయితే చెప్పు," అంది. "లోపలికి పోయి ఎస్సై సారుకు చెప్పు. ఆయన్ని ఇడిపించు."

"చెప్తా. చెప్తే ఆయన బయటికొస్తాడు. దీని సంగతేంది? ఈల ఊదితే మనుషుల మీదికి పోయే గుర్రాన్ని ఎవరు బతకనిస్తారే? పిచ్చిది అంటే అన్నా జాలిపడేటోళ్లు."

"ఆగే ఈల ఉండాది అంటివి గదా."

"ఉండాది."

"అది ఇంటే ఆగుతాదా?"

అంతలో గేటు దగ్గర రెండు బండ్లు ఆగాయి.

మొదటిది పశువుల డాక్టరు వర్షిణి స్కూటరు. రెండోది ఆటో. అందులోంచి దిగింది శ్రీనివాసులు భార్య విజయమ్మ. ఆసుపత్రి వరండాలో నాలుగు రోజులుగా నలిగిన చీర, దువ్వని తల. నాలుగు చోట్ల పొలం ఉన్న ఇంటి మనిషి అని చెబితే ఎవరూ నమ్మరు. అజయ్ కుమార్ మెట్లు దిగి ఎదురు వచ్చాడు.

"మీరెందుకమ్మా ఇంత దూరం వచ్చినారు? పని మేం చేస్తాం గదా."

"చూద్దామని వచ్చినా సారూ. ఆయప్ప గొంతులోకి గంజి కూడా దిగడం లేదు. ఇది ఎట్ల తింటాందో చూద్దామని."

కింద చెదిరిన ఉలవలు, ముట్టకుండా పడి ఉన్న గడ్డి విజయమ్మ కంటబడ్డాయి.

వర్షిణి తుంగ చుట్టూ తిరిగి కళ్లు చూసింది, నోరు చూసింది, మెడ మీద చేయి వేసి నాడి చూసింది. "జబ్బేమీ కనపడటం లేదు సార్. రేబిస్ లక్షణాలు కూడా లేవు. ఆ రోజు అలా ఎందుకు చేసిందో నేను చెప్పలేను" అంది.

"మా మదార్ గారు చెప్తారు," అన్నాడు అజయ్ కుమార్. "గుర్రాల మనిషి. చెప్పండి మదార్ గారూ. పిచ్చా, బెదురా? ఒక్క ముక్క చెప్తే డాక్టర్ గారు రాసుకుంటారు."

బెదురు అంటే చాలు. ఆ ఒక్క ముక్కతో మదార్ పరువుగా రిటైరవుతాడు. పూలదండ వేస్తారు, ఫోటో తీస్తారు. ఆ రోజు ఈల ఊదింది ఎవరని ఎవరూ అడగరు, పోలీసువాడు ఈల ఊదకపోతేనే గదా అడిగేది. జావేద్ కొన్నాళ్లు లోపల ఉండి వస్తాడు. తుంగ రాదు. మదార్ జేబులో చెయ్యి పెట్టాడు. విజిల్ తగిలింది, పక్కనే బీబీ చుట్టిచ్చిన బెల్లం కూడా తగిలింది.

"రెండూ కాదు సార్," అన్నాడు. "అది డ్యూటీ చేసింది."

అజయ్ కుమార్ నవ్వబోయి ఆగాడు. మదార్ చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి గోడకు కాదు, విజయమ్మకు. పొడుగు ఈల అంటే ఏమిటో, పొట్టి ఈలలు అంటే ఏమిటో, ఆ రోజు తన నోట్లో ఉన్నది ఏ ఈలో. మధ్యలో ఎస్సై ఆయన భుజం పట్టుకున్నాడు. "మదార్ గారూ, ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా? లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

"లోపల చెప్తే లోపలే ఉండిపోతాది సార్."

విజయమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది. "ఎన్నితూర్లు ఊదినావ్?"

"తెల్దమ్మా. జనం తప్పుకుంటారని ఊదతానే ఉన్నా."

"మా ఆయన తప్పుకోలేదు. ఎందుకు తప్పుకోలేదో తెలుసునా నీకు?" ఆమె గొంతు పెరగలేదు. "పక్కనున్న మా మరిది చెయ్యి పట్టి గుంజితే, పోలీసోళ్లు ఈల ఊదతాండారులేరా, వాళ్లే ఆపుతారు అన్యాడంట. నీ ఈల మీద నమ్మకంతో నిలబడినాడప్పా ఆ మనిషి."

మదార్ తల వంచుకున్నాడు. ఆ క్షణంలో ఉద్యోగం, పరువు, పూలదండ అన్నీ ఎంత చిన్నవైపోయాయో ఆయనకే తెలియాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఆగే ఈల ఉండాది అంటివే," అంది విజయమ్మ. "అది ఇంటే ఇది ఆగుతాదా?"

ఇందాక జబీనా అడిగిన మాటే.

"ఆగాలమ్మా."

"ఆగాల అంటే నాకు తెలీదు. ఆగుతాదా, ఆగదా?"

"ఆ ఈల ఊది ఏండ్లయింది. తెలీదు."

"అయితే నా మొగుడు నిలబడిన తావున నువ్వు నిలబడు. నిలబడి ఊదు. ఆగిందా, నీ మాట నిజమని నేనే చెప్తా, ఈ పిల్ల మొగుణ్ని ఇడిపించమని నేనే చెప్తా, దీనికి సూది వద్దని కూడా చెప్తా. ఆగలేదా..." ఆమె వాక్యం అక్కడే వదిలేసింది.

అజయ్ కుమార్ అడ్డం వచ్చాడు. ఇది స్టేషన్ అనీ, సర్కసు కాదనీ, ఎవరికైనా ఏమైనా అయితే తన ఉద్యోగం పోతుందనీ అన్నాడు. వర్షిణి కూడా వద్దంది. మదార్ ఇద్దరి మాటా విన్నాడు. విని టోపీ తీసి ఎస్సై చేతిలో పెట్టాడు.

"నన్ను ఎట్లాగూ సస్పెండ్ చేస్తారు గదా సార్. ఒక అర్ధగంట ముందు చేసినారు అనుకోండి. అందరినీ వరండా ఎక్కించండి."

ఎస్సై ఆ టోపీని చంకలో పెట్టుకున్నాడు. వరండాలోకి అందరినీ ఆయనే పంపాడు, గేటు ఆయనే వేయించాడు. విజయమ్మ మాత్రం పై మెట్టు ఎక్కలేదు, కింది మెట్టు మీదే నిలబడింది. జబీనా తాడు ముడి విప్పింది. విప్పుతూ అన్నతో ఉర్దూలో ఏదో అంది, తక్కినవాళ్లకు వినబడలేదు.

మదార్ నడుచుకుంటూ పోయి కాంపౌండు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. పక్కకు తప్పుకునే వీలు లేకుండా రెండు గోడలు కలిసే మూల చూసుకున్నాడు. తుంగ అంత దూరం నుంచి ఆయన్నే చూస్తోంది. దాని డొక్కల్లో ఎముకలు కనబడుతున్నాయి. నా తల్లీ, నువ్వేం తప్పు చెయ్యలేదు అనుకున్నాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

పొడుగ్గా ఊదాడు. నిండుగా, చివర పైకెత్తి.

తుంగ కదిలింది. నాలుగు రోజుల ఆకలి ఆ నడకలో ఎక్కడా లేదు. తల ఎత్తి, రొమ్ము ముందుకు పెట్టి, మొదట నడిచింది, తర్వాత నడక పరుగులోకి మారింది. గిట్టల కింద దుమ్ము లేచింది. వరండాలో ఎవరో మదార్ పేరు పెట్టి అరిచారు. దాని ఊపిరి వేడి మొహానికి తగిలేంతవరకు ఆయన ఆగాడు, శ్రీనివాసులు నిలబడినంతసేపు తనూ నిలబడాలని.

అప్పుడు మొదటి పొట్టి ఈల ఊదాడు.

తుంగ ఆగలేదు. ఒక్క ఈలకు ఆగమని దానికి ఎవరూ నేర్పలేదు.

రెండోదాని కోసం మదార్ ఊపిరి తీసుకున్నాడు.